దుమ్ము పట్టవలసిన గది

హేజెల్ ఫోర్క్, మిస్సోరి
మార్చి 1966

ఒరేయ్ ఎమెట్,

నీ ఉత్తరం చేరింది. గువామ్‌లో విమానాల సామాన్ల గిడ్డంగి నీ చేతికిచ్చారని చదివి ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత భయమేసింది. విప్పిన చొక్కా విప్పినచోటే వదిలేసేవాడివి, వైమానిక దళం సరుకు నీ చేతిలోనా! అమ్మ పోయాక నిన్ను పెంచింది నేనే కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. మూతి ముడుచుకోకు.

మీ షెల్ఫుల మీద మన ఊరి ముద్ర ఉన్న బ్యాటరీలు కనిపించాయని, అవి నేను చేసినవేనా అని అడిగావు. చేసేది పక్క షెడ్డు వాళ్ళు. వాటిని ముసలివాటిని చేయడం నా పని. మామూలు బ్యాటరీ వాడకపోయినా కూర్చున్నచోటే నీరసించిపోతుంది. ఇవి అలా కాదు. వీటిలో పలకలు పొడిగా ఒకవైపు ఉంటాయి, కాస్టిక్ నీళ్ళు చుట్టలు చుట్టిన రాగి గొట్టంలో ఇంకోవైపు ఉంటాయి. గాలిలో ఉండగా విమానానికి కరెంటు పోతే పైలట్ మీట నొక్కుతాడు. లోపల చిటికెడు మందుగుండు పేలి ఆ నీళ్ళని పలకల మీదికి తోస్తుంది. వెంటనే రేడియో పలుకుతుంది, దిక్కు చూపే ముళ్ళు కదులుతాయి. ఏళ్ళ తరబడి నిద్రపోయి ఒక్కసారి లేవడమే వాటి బతుకు. మళ్ళీ పనికిరావు.

అందుకే నీ షెల్ఫు మీద ఉన్నదాన్ని ముందుగా పరీక్షించడం కుదరదు. పరీక్షిస్తే అది అయిపోయినట్టే. దానితోపాటు పుట్టిన తోబుట్టువుల్ని నా గదిలో ఊరికే కూర్చోబెడతాం, అప్పుడప్పుడు కొన్నిటిని తీసి పేల్చి చూస్తాం. ఇవి లేస్తే అక్కడ నీవీ లేస్తాయని లెక్క. నా గదిలో ఇంతవరకు లేవనిది ఒక్కటి లేదు. పక్క గదుల్లో అప్పుడప్పుడు ఒకటీ అరా మూలుగుతుంటాయి. హాల్‌బ్రూక్ గారు ఎవరొచ్చినా ముందు నా గదికే తీసుకొస్తారు. "ఇది మా ఓపల్ గది, నేల మీద అన్నం పెట్టుకు తినొచ్చు" అంటారు.

గని గుట్టల మీంచి ఆ బూడిదరంగు దుమ్ము ఊరంతా ఎలా పడుతుందో నీకు తెలుసు. నాన్న ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన దుమ్మే అది. ఇంట్లో గాని, గదిలో గాని దాన్ని నిలవనిస్తే నేను ఓపల్‌ని కాను.

చెవుల వెనక కడుక్కో.

మీ అక్క
ఓపల్

~

గువామ్
మే 1966

అక్కా,

చెవుల వెనక కడుక్కున్నాను. ఇక్కడ కడుక్కోవడానికి వేరే శ్రమ అక్కర్లేదు, ఆకాశమే పోస్తోంది. బూట్లకి రాత్రికి రాత్రి బూజు పడుతుంది. నాతో పనిచేసే టైటానో అనే పెద్దాయన ఈ దీవి వాడే. "మీ మిస్సోరి వాళ్ళు ఉప్పు చేపల్లా పొడి మనుషులయ్యా, ఇక్కడ నానితే గాని మెత్తబడరు" అని ఏడిపిస్తుంటాడు.

అసలు సంగతి రాస్తాను. పోయిన వారం కెప్టెన్ లిండ్‌క్విస్ట్ అనే ఆయన సముద్రం మీంచి తిరిగొస్తుంటే జనరేటర్ ఆగిపోయింది. మీట నొక్కాడు. బ్యాటరీ లేవలేదు. రేడియో లేదు, ముళ్ళు లేవు, చుట్టూ మబ్బు. పక్కనున్న విమానం దీపాలు పట్టుకుని దాని వెనకాలే గుడ్డివాడిలా దిగాడు. దిగాక తిన్నగా నా కౌంటర్ దగ్గరికొచ్చి ఆ బ్యాటరీ నా ముందు పెట్టాడు. నలుగురిలో కేకలేస్తాడనుకున్నాను. "దీన్ని కాస్త చూడు బాబూ, ఇంట్లో మా ఆవిడ కడుపుతో ఉంది" అన్నాడు, అంతే. కేకలేసినా బాగుండేది.

అదే రకానివి షెల్ఫు మీంచి కొన్ని తీసి పేల్చి చూశారు. కొన్ని లేచాయి, కొన్ని బద్ధకించాయి, కొన్ని అసలు పలకలేదు. మా సార్జెంట్ వోగెల్ నా వంక చూసిన చూపుకి నేల చీలితే బాగుండుననిపించింది. నేను గది చల్లగానే ఉంచుతున్నానక్కా. తలుపులు బిగించే ఉంచుతున్నాను. మీ గదిలో ఎప్పుడైనా ఇలా అయిందా? ఏమైనా తెలిస్తే రాయి.

ఎమెట్

~

హేజెల్ ఫోర్క్
జూన్ 1966

ఎమెట్,

నీ ఉత్తరం కంటే ముందే మీ వాళ్ళ టెలిగ్రాం ఫ్యాక్టరీకి వచ్చింది. ఇద్దరు ఆఫీసర్లు కూడా వచ్చారు. హాల్‌బ్రూక్ గారు వాళ్ళని నా గదిలోకి తీసుకొచ్చారు. వాళ్ళ కళ్ళ ముందే తీసి పేల్చాం. ప్రతి ఒక్కటీ లేచింది. "సరుకు మంచిదే, దాచడంలోనే ఉంది తేడా" అన్నారు హాల్‌బ్రూక్ గారు. ఆ గిడ్డంగి కుర్రాడు ఎవరని ఒక ఆఫీసరు అడిగాడు. మా తమ్ముడేనని నేనే చెప్పాను. చెప్పి ఊరుకోలేదు, "వాడికి చిన్నప్పటినుంచీ అజాగ్రత్తే" అన్నాను. అబద్ధం చెప్పలేను కదా.

నాకెంత సిగ్గేసిందో తెలుసా! నా గది ఎలా ఉంది, నా తమ్ముడి గది ఎలా ఉంది! అమ్మ మంచాన పడ్డప్పుడు నేలమాళిగలో దాచిన గుడ్లు ఒక్కసారి తిప్పి రమ్మని నీకు ఎన్నిసార్లు చెప్పాను? వెళ్ళావా? కదలకుండా పడుంటే పచ్చసొన పెంకుకి అంటుకుపోతుందని ఎంత మొత్తుకున్నాను! ఆ చలికాలమంతా గుడ్డు లేకుండా గడిపాం.

నేను నా బ్యాటరీలని అలాగే చూసుకుంటాను. పెట్టినచోట పెట్టినట్టే ఉంచమని గోడమీద రాసుంది. అంటే చోటు మార్చొద్దని. నేను చోటు మార్చను. సోమవారం సోమవారం ఒక్కొక్కటే తీసి, తుడిచి, తలకిందులు చేసి, చెవి దగ్గర ఓసారి ఊపి, మళ్ళీ దాని చోట్లోనే పెడతాను. దుమ్ము దులిపే పని ఎవరికీ చెప్పనక్కర్లేదు కాబట్టి హాల్‌బ్రూక్ గారికి కూడా చెప్పలేదు. చేతిలో శ్రద్ధ ఉండాలిరా. అది జీతానికి చేసే పనిలో రాదు.

కాస్త బుద్ధి తెచ్చుకో. ఆ కెప్టెన్ భార్య గురించి ప్రార్థిస్తున్నాను.

అక్క

~

గువామ్
ఆగస్టు 1966

అక్కా,

ఉత్తరం అందింది. ఒకటికి రెండుసార్లు చదివాను. నువ్వు చెప్పింది నిజమే.

ఇప్పుడు రోజూ పొద్దున్నే షెల్ఫుల దగ్గరికెళ్ళి నీలాగే తుడిచి, తిప్పి పెడుతున్నాను. "ఏమయ్యా, వాటికి స్నానాలు చేయిస్తున్నావా? జోల కూడా పాడతావా?" అని టైటానో నవ్వుతున్నాడు. మొన్న మళ్ళీ కొన్ని పేల్చి చూశారు. అన్నీ లేచాయి. వోగెల్ నా భుజం తట్టి, "చూశావా, ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తే ఎలా ఉంటుందో" అన్నాడు. అంటే అంతకుముందు ఒళ్ళు దగ్గర పెట్టుకోలేదని తేలినట్టే కదా. చొక్కా చేతిమీద హోదా చూపే పట్టీ ఒకటి తీసేశారు. కారణం అజాగ్రత్త అని రాశారు. కిందే సంతకం పెట్టించుకున్నారు, పెట్టాను.

కొబ్బరి పీతలు ఇక్కడ పిల్లి అంతేసి ఉంటాయి. టైటానో వాళ్ళావిడ ఒకటి వండి పంపింది. బాగుంది.

నీ పొట్టనొప్పి ఎలా ఉంది? డాక్టరుకి చూపించుకో.

ఎమెట్

~

హేజెల్ ఫోర్క్
సెప్టెంబరు 1966

ఒరేయ్,

పట్టీ పోయిందని చదివి ఏడ్చాను. ఏడ్చాక, పోనీలే, బుద్ధొచ్చింది కదా అనుకున్నాను. నీ అంతట నువ్వే తప్పు ఒప్పుకోవడం నాకు నచ్చింది. చర్చిలో మీ తమ్ముడు ఎలా ఉన్నాడని అడిగితే మాత్రం తల పక్కకి తిప్పుకుని బాగున్నాడన్నాను. ఎలా తెలిసిందో గాని అందరికీ తెలిసిపోయింది. నా ముందు బ్యాటరీల మాట వస్తే గొంతు తగ్గిస్తున్నారు. తల కొట్టేసినట్టుంది. నీ కోసం బ్లాక్‌బెర్రీ జామ్ పంపుతున్నాను, సీసా పగిలితే నీ అదృష్టం.

పొట్టనొప్పి పిత్తాశయానిదట. తీసేయాలన్నారు. ఆపరేషను అయ్యాక అత్తయ్య దగ్గర చాలాకాలం ఉండాలి. నా గది జునీటా అనే అమ్మాయికి అప్పగించారు. చంటిబిడ్డ తల్లి, ఎప్పుడూ నిద్రమొహమే. తాళాలిస్తూ, "నువ్వు ఏదీ ముట్టుకోకు, చెడగొడతావు. వేడి, చలి చూసుకో, అంతే" అని గట్టిగా చెప్పాను.

అక్క

~

గువామ్
నవంబరు 1966

అక్కా,

ఆపరేషను బాగా జరిగిందని అత్తయ్య రాసింది. జామ్ పగల్లేదు.

నన్ను దుప్పట్ల గిడ్డంగికి మార్చారు. దుప్పట్లకి కోపతాపాలుండవు, హాయిగానే ఉంది. నా షెల్ఫులు ఇప్పుడు వేరే కుర్రాడివి. బ్యాటరీల్ని రోజూ తిప్పుతుండమని చెప్పాను. "ఎందుకు?" అన్నాడు. ఎందుకో చెప్పలేకపోయాను. నవ్వి ఊరుకున్నాడు.

కెప్టెన్ లిండ్‌క్విస్ట్‌కి కూతురు పుట్టింది. ఫోటో పట్టుకుని దుప్పట్ల గిడ్డంగి దాకా వచ్చి చూపించాడు. నా పట్టీ పోయినందుకు తనే నొచ్చుకుంటున్నాడు. ఆయన మొహంలోకి చూడలేక పిల్ల ఫోటోనే చూస్తూ నిలబడ్డాను.

నువ్వు మళ్ళీ పనిలోకి వెళ్ళాక, నువ్వు లేని రోజుల్లో నీ గది ఎలా ఉందో చూసి నాకు రాయి. తప్పకుండా రాయి.

ఎమెట్

~

హేజెల్ ఫోర్క్
ఫిబ్రవరి 1967

ఎమెట్,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేశాను, మళ్ళీ మొదలుపెట్టాను.

సోమవారం పనిలోకి వెళ్ళాను. తలుపు తీస్తే షెల్ఫులన్నీ బూడిదరంగులో ఉన్నాయి. ఒళ్ళు మండిపోయింది. ఆరోజే పరీక్ష. తీసి పేలిస్తే మొదటిది లేవలేదు. తర్వాతది కాస్త మూలిగి పడిపోయింది. నా గదిలో! హాల్‌బ్రూక్ గారి మొహం పాలిపోయింది. జునీటా గోడకి అతుక్కుపోయింది. నేను ఆ అమ్మాయి మీదికి వెళ్ళాను.

"ఏం చేశావే నా బ్యాటరీల్ని?"

"ఏం చేయలేదు మిస్ ఓపల్, ఒట్టు!"

"ఏం చేయలేదని కనబడుతూనే ఉంది! ఇన్నాళ్ళలో ఒక్కసారైనా చెయ్యి పెట్టావా వీటి మీద?"

"ముట్టుకోవద్దని మీరే కదండీ చెప్పింది!" అని ఏడ్చేసింది.

హాల్‌బ్రూక్ గారు నా వైపు తిరిగి, "అదేంటి ఓపల్, ముట్టుకోకూడదనే కదా అసలు రూలు? మిలిటరీ గిడ్డంగుల్లో ఎవరు ముట్టుకుంటారు వీటిని?" అన్నారు.

నేలమాళిగలో అమ్మ గుడ్లు తిప్పడం కళ్ళ ముందు కనిపించింది. ఆ కాస్టిక్ నీళ్ళలోంచి ఏదో అడుగున పేరుకుని గొట్టం మూతిని మూసేస్తోంది. నేను వారం వారం ఊపి దాన్ని పేరుకోనివ్వలేదు. మీ గిడ్డంగుల్లో ఎవరూ ఊపరు. నా గదిలో లేచినవి నా చేతుల వల్ల లేచాయి. ఆ లేవడం చూసే అవి మంచివని ముద్ర వేసి మీకు పంపారు.

నేను నోరు తెరవలేదు ఎమెట్. అక్కడే నిలబడ్డాను. హాల్‌బ్రూక్ గారు జునీటాని ఇంటికి పొమ్మన్నారు, గదిలో వేడి, చలి సరిగా చూడలేదని. ఈ నెలాఖరుకి పని తీసేస్తారట. ఆ పిల్ల పాలసీసా ఉన్న సంచీ భుజాన వేసుకుని నా ముందునుంచే వెళ్ళింది. అప్పుడూ నోరు తెరవలేదు.

ఇంటికొచ్చాక నీ ఆగస్టు ఉత్తరం తీసి చదివాను. 'నువ్వు చెప్పింది నిజమే' అన్నావు. నీకు అప్పుడే తెలిసిపోయింది కదూ? నేను గొప్పలు పోతూ రాసిన ఆ నాలుగు మాటలు చదివి తెలుసుకున్నావు. నన్నొక్క మాట అనలేదు. నేను నలుగురిలో నిన్ను అజాగ్రత్త మనిషివన్నాను. నువ్వు నా పరువు కోసం సంతకం పెట్టావు.

అద్దంలో మొహం చూసుకోలేకపోతున్నాను. ఏం చేయను, చెప్పు.

ఓపల్

~

గువామ్
మార్చి 1967

అక్కా,

తెలుసు. నీ జూన్ ఉత్తరం చదివిన పూటే తెలిసింది. నీ మాట నిజమో కాదో చూద్దామని షెల్ఫు మీది ఒకదాన్ని తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. లోపల ఇసుక కదిలినట్టు చిన్న చప్పుడు. అప్పుడే వోగెల్ దగ్గరికి పరిగెత్తాల్సింది. ఊరంతా నిన్ను ఆ గది చూసే గౌరవిస్తుంది. నాన్న పోయాక నువ్వు తలెత్తుకు తిరిగింది ఆ గది వల్లే. నా పట్టీ పోతే పోయిందిలే, అక్క మాత్రం చల్లగా ఉండాలనుకున్నాను. అప్పుడు నాకు నేనే పెద్ద త్యాగమూర్తిలా కనిపించాను.

నన్ను మెచ్చుకోకు. దయచేసి మెచ్చుకోకు. నేనిచ్చింది నా పట్టీ ఒక్కటే అయితే బాగుండేది. నా షెల్ఫుల్లోవి నేను తిప్పుకున్నాను, నావన్నీ లేచాయి. మిగతా గిడ్డంగుల్లోవి ఎవరు తిప్పుతారు? నేను వదిలేసి వచ్చిన షెల్ఫుల్లోవి ఎవరు తిప్పుతారు? రోజూ విమానాలు లేస్తున్నాయి. చప్పుడు వినిపించినప్పుడల్లా దుప్పట్లు మడత పెడుతూ లోపల చచ్చిపోతున్నాను. నా నోటిలో ఉన్న మాట వాళ్ళ ప్రాణాలకి సంబంధించింది. అది దాచుకోవడానికి నాకేం హక్కుంది?

నీ ఉత్తరం వచ్చినరోజే కెప్టెన్ లిండ్‌క్విస్ట్ దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. అంతా విన్నాడు.

"నీకు ఎప్పటినుంచి తెలుసు?" అన్నాడు.

"పోయిన ఏడాది జూన్ నుంచి సార్."

"పాప ఫోటో చూపించినప్పుడు కూడా తెలుసా?"

"తెలుసు సార్."

టోపీ పెట్టుకుని వోగెల్ ఆఫీసు వైపు వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఎదురుపడితే నన్ను చూడనట్టు వెళ్తున్నాడు. కోపం కాదది. నేనక్కడ లేనట్టే.

ఇక్కడ నేను చెప్తే వినేవాళ్ళు తక్కువ, నాది అజాగ్రత్త మనిషి మాట. ఫ్యాక్టరీలో నువ్వు చెప్తేనే అన్ని చోట్లా తీయిస్తారు. ఏం చేయనని అడిగావు కదా. నాకు తెలిసింది ఇదొక్కటే అక్కా.

ఎమెట్

~

హేజెల్ ఫోర్క్
ఏప్రిల్ 1967

ఎమెట్,

నీ ఉత్తరం వచ్చేసరికి నేనింకా చెప్పలేదు. రోజూ హాల్‌బ్రూక్ గారి తలుపు దాకా వెళ్ళడం, ఆయన తలెత్తితే, "జలుబు మాత్ర ఉందాండీ?" అని అడగడం. పాపం ఆయన నాకోసం సొరుగు నిండా మాత్రలు కొనిపెట్టారు. ఇంత పిరికిదాన్నని నాకు తెలియదు.

నీ ఉత్తరం అందిన మర్నాడే మీ వాళ్ళు మళ్ళీ వచ్చారు. అందరినీ వెంటబెట్టుకుని హాల్‌బ్రూక్ గారు గదిలోకొచ్చి, "ఇది మా ఓపల్ గది. ఈమె లేని నెలల్లో ఒక పిల్ల దీన్ని పాడుచేసింది" అని మొదలుపెట్టారు.

"అయ్యా, ఆ పిల్ల చేయలేదు. ఆ పిల్ల ఒక్కతే ఈ గదిని ఉంచాల్సినట్టు ఉంచింది" అన్నాను.

"ఏమంటున్నావ్ ఓపల్?"

"ఈ బ్యాటరీలు వాటంతట అవి లేవలేదండీ. నేను లేపాను."

ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడొక ఆఫీసరు, "ఏం చేసేదానివో చేసి చూపించమ్మా" అన్నాడు. ఒకటి తీశాను. తుడిచాను. తలకిందులు చేశాను. ఊపాను. పెట్టాను. "మళ్ళీ చూపించు" అన్నాడు. మళ్ళీ చేశాను. అమ్మ దగ్గర నేర్చుకున్న పని అది. ఇంతమంది మగవాళ్ళ ముందు, దొంగతనం ఎలా చేశావో చూపించమన్నట్టు చేయాల్సి వచ్చింది. ఆయన ఇంకొకటి తీసుకుని తన చెవి దగ్గర ఊపాడు. నువ్వు విన్నదే ఆయనా విన్నాడు. హాల్‌బ్రూక్ గారు మాత్రం నా వంక చూడకుండా కిటికీలోంచి బయటికి చూశారు.

ఆరోజే అన్ని గిడ్డంగులకీ కబురు వెళ్ళింది. ఈ రకం బ్యాటరీలు విమానాల్లోంచి తీసేస్తున్నారు. మూతి దగ్గర గొట్టం వెడల్పు చేసి కొత్తవి కడతారట. నీ గురించి కూడా చెప్పాను. అజాగ్రత్త మనిషని నేనన్న మాట అబద్ధమని, అది కొట్టేయమని అడిగాను. రాసుకున్నారు. పట్టీ తిరిగి వస్తుందో రాదో తెలియదు, తెలిసీ నువ్వు మౌనంగా ఉండటం వేరే సంగతట. అందులో నేను వాదించలేకపోయాను.

జునీటా మళ్ళీ పనిలోకి వచ్చింది. వాళ్ళింటికి వెళ్ళి క్షమాపణ అడిగాను. బిడ్డని నా ఒళ్ళో పెట్టి కాఫీ కాయడానికి వెళ్ళింది, అదే ఆమె జవాబు. గది తాళాలు ఇప్పుడు ఆమెవే. నన్ను తీగలు అతికే బల్ల దగ్గర వేశారు.

కెప్టెన్ లిండ్‌క్విస్ట్‌కి ఉత్తరం రాశాను. జవాబు కోరలేదు. ఆయన పాప పేరు నువ్వు నాకు రాయలేదు, అందుకని పాప అని మాత్రమే రాశాను.

మధ్యాహ్నం భోజనం వేళ నా కాళ్ళు వాటంతట అవే ఆ గది దగ్గరికి వెళ్తున్నాయి. లోపలికి వెళ్ళను, గుమ్మంలోనే నిలబడతాను. బ్యాటరీల మీద బూడిదరంగు దుమ్ము మెల్లగా పొర కడుతోంది. నాన్న చొక్కా మీద ఉండేదే ఆ దుమ్ము.

నిన్న జునీటా చూసి, "చేతులు దురద పెడుతున్నాయా మిస్ ఓపల్?" అంది.

"పెడుతున్నాయే."

"పెట్టనివ్వండి" అంది నవ్వుతూ.

చేతులు ఏప్రన్ కిందికి దూర్చుకుని నిలబడ్డాను. గంట కొట్టేదాకా తీయలేదు.

ఇంకో మాట. ఆ గుడ్ల సంగతి ఈ జన్మలో మళ్ళీ ఎత్తను.

మీ అక్క
ఓపల్